పెళ్ళికూతురు వినగూడని ప్రశ్న

టీ పోస్తున్న చెయ్యి ఆపకుండానే, కథలో ఎక్కడ తల వంచుకోవాలో హెస్టర్‌కి తెలుసు. “పాడుబడ్డ మఠం చూడ్డానికి రెండు బళ్ళు కట్టించుకుని వెళ్ళాం” అని ఆమె భర్త ఆంబ్రోస్ వెల్డన్ మొదలుపెట్టగానే ఆమె పాలజగ్గు అందుకోవాలి. కథ వాన దగ్గరికి వచ్చేసరికి అందరి కప్పులూ నిండి ఉండాలి. కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పానన్న చోట చిన్నగా నవ్వాలి. కాపలావాడి గుడిసెలో తను రాజేసిన నిప్పు వెలుగులో మొదటిసారి ఆమె మొహం సరిగ్గా చూశానన్న చోట తల వంచుకోవాలి. అక్కడ అతను ఆగుతాడు. ఆడవాళ్ళు నిట్టూరుస్తారు. ఆ సాయంత్రం పాదిరీ గారి చెల్లెలు మిస్ టిబిట్ కళ్ళు తుడుచుకుని, అచ్చం నవల చదివినట్టుంది, తప్పనిసరి పెళ్ళి బంగారంలాంటి కాపురమైంది అంది. డాక్టరు గారి భార్య మాత్రం, “మావారిని మూడు గంటలు వానలో నిలబెట్టినా తుమ్ములే గాని ప్రేమ పుట్టదమ్మా” అంది. అందరూ నవ్వారు. హెస్టర్ కూడా నవ్వి, ఖాళీ అయిన కప్పుల్లో మళ్ళీ టీ పోసింది.

జరిగింది వేరు. పదకొండేళ్ళ కిందట, ఆమెకు పంతొమ్మిదేళ్ళప్పుడు, రెండు బళ్ళవాళ్ళూ ఆమె ఆ బండిలో ఉందని వీళ్ళూ, ఈ బండిలో ఉందని వాళ్ళూ అనుకుని వెళ్ళిపోయారు. మిగిలింది ఆమె, పెద్దగా పరిచయం లేని మిస్టర్ వెల్డన్. గుడిసెలో అతను సంచిలోంచి మాంసం కూరిన చల్లారిన రొట్టె తీసి తిన్నాడు. తన వేటకుక్క చెవిలో లేచిన కురుపు గురించి చాలాసేపు చెప్పాడు. తర్వాత గోడకి ఆనుకుని నోరు తెరుచుకుని నిద్రపోయాడు. కట్టెలు తడిసి ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని, ఊది ఊది కళ్ళు మండించుకుని, కుడిచేతి అంచు కాల్చుకుని నిప్పు రాజేసింది ఆమె. అతనికి చలిజ్వరం వస్తుందేమోనని జారిపోయిన కోటు అతని మీదే సర్దిందీ ఆమే. అందులో ఆమె గొప్పతనమేమీ లేదు, ఎవరైనా చేసేదే. కాని ఆ కాస్త పని కూడా కథలో ఆమెకు మిగల్లేదు. పోనీ అతను అబద్ధం చెబుతున్నాడా అంటే అదీ కాదు. పదకొండేళ్ళుగా చెప్పి చెప్పి తనే నమ్మేశాడు. నమ్మేసిన మనిషితో ఏమని వాదిస్తాం?

అప్పట్లో ఇంటికి చేరగానే వాళ్ళమ్మ అడిగింది ఒక్కటే, దారిలో ఎవరైనా చూశారా అని. చూశారు. అయిదు వారాల్లో పెళ్ళి అయిపోయింది. వద్దని చెప్పాలనే హెస్టర్ పీటల దాకా, అంటే బలిపీఠం మెట్ల దాకా నడిచింది. అక్కడికి వెళ్ళాక వెనక అమ్మ దగ్గు వినిపించింది. ఆ దగ్గు విన్న నోరు, తను అనుకున్నది కాకుండా, అందరూ అనుకున్నది పలికింది.

వెల్డన్ చెడ్డవాడు కాదు. చెయ్యెత్తి ఎరగడు, ఊళ్ళో మేజిస్ట్రేటుగా మంచి పేరుంది. అతని చూపు మందగించాక చట్టం పుస్తకాలు చదివి వినిపించేదీ, ఉత్తరాలు రాసేదీ, తీర్పులకు నకళ్ళు తీసేదీ హెస్టరే. సంతకం అతనిది. ఏడాదికి పన్నెండు చొక్కాలు ఆమె చేత్తో కుట్టాల్సిందే, దర్జీ కుట్టిన కాలరు అతనికి మెడ ఒరుసుకుంటుంది. అత్తగారి మోకాళ్ళకు కర్పూరతైలం కూడా ఆమే రాయాలి, పనిమనిషి చేతులు గరుకు. ఇద్దరు పిల్లల చదువు, విందుకు ఎవర్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలన్న లెక్క, గదిగదికీ కట్టెలు. ఒకసారి తల తిరుగుతోందని కుర్చీలో కూలబడితే వెల్డన్ ఆశ్చర్యపోయాడు. “ఇంటి నిండా పనివాళ్ళుండగా నీకేం పని హెస్టర్?” అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. అది తిట్టు అయితే బాగుండేది.

ఆమెకు అతని మీద ద్వేషం లేదు. ఉన్నది ప్రేమో అలవాటో ఆమెకు తెలీదు. ప్రార్థనలో ఎన్నోసార్లు దేవుణ్ణి అడిగింది, ఈ ఒక్క సంగతి నాకు తెలియజెయ్యి తండ్రీ అని. జవాబు రాలేదు. దేవుడు చెప్పడం లేదో, లేక పెళ్ళికి ముందే తనని ఎవరైనా అడిగి ఉంటే తెలిసే సంగతిని తర్వాత దేవుడు మాత్రం ఎలా చెబుతాడో, ఆమెకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం కథ చుట్టుపక్కలవాళ్ళ కోసం చెప్పింది కాదు. కిటికీ దగ్గర చన్నీళ్ళలో తడిసిన పిల్లిలా ముడుచుకుని కూర్చున్న క్లెమెన్సీ కోసం. క్లెమెన్సీ హెస్టర్ చెల్లెలు, పద్దెనిమిదేళ్ళు. అమ్మ పోయి ఆరేళ్ళు, నాన్న పోయి మూడేళ్ళు. అప్పట్నుంచి ఆ పిల్ల అక్క ఇంట్లోనే ఉంటోంది. ఆ ఏడు ఎండాకాలం రానేలేదు, జూలైలో కూడా కట్టెలు కాల్చారు. ఆ ముసురులోనే క్లెమెన్సీ వాళ్ళ పాత దాదికి జబ్బుగా ఉందని సూప్ పట్టుకెళ్ళింది. పక్క ఊరి భూస్వామి మిస్టర్ స్పెన్స్‌లీ దారిలో కనిపించి తన రెండు చక్రాల బండిలో దింపుతానన్నాడు. వచ్చేటప్పుడు చక్రం సీల ఊడిపోయింది. బురదలో నడిచి నడిచి, చీకటి పడ్డాక, ఒక బూటు చేత్తో పట్టుకుని ఇల్లు చేరింది. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. ఎవరు చూశారని అడిగారు. కసాయివాడి భార్య చూసింది. మిస్ టిబిట్ కూడా చూసింది, చూసినందుకు చాలా బాధపడుతున్నానని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

మర్నాడు స్పెన్స్‌లీ నవ్వుతూ వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, చెడ్డపేరు లేదు. నలుగురి నోళ్ళూ మూయించాలంటే పెళ్ళి తప్పదని వెల్డన్ అంటే, “నాకేం అభ్యంతరం లేదండీ. ఎలాగూ ఇంట్లో ఆడదిక్కు ఉండాలని మా అక్క పోరుతోంది” అన్నాడు. పక్కగదిలో బీరువా సర్దుతున్న అక్కచెల్లెళ్ళకు ఆ మాట వినిపించింది. క్లెమెన్సీ చేతిలోని దుప్పటి మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

వాళ్ళ హోదాకి ఇలాంటి పెళ్ళిళ్ళు చడీచప్పుడు లేకుండా బిషప్ గారి అనుమతిపత్రం తెచ్చుకుని కానిచ్చేస్తారు. చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళివాళ్ళ పేర్లు చదివించి చాటింపు వేయించుకోవడం కూలినాలి జనం పద్ధతి. కాని అత్తగారు, ముసలి మిసెస్ వెల్డన్, ఒప్పుకోలేదు. పత్రం తెచ్చి తొందరపడితే ఊరు వేళ్ళ మీద నెలలు లెక్కపెడుతుంది అందావిడ. దాచడానికి మనకేముంది, నా పెళ్ళికీ హెస్టర్ పెళ్ళికీ కూడా చాటింపే వేయించారు, మూడు ఆదివారాలూ అందరూ వినేలా చాటించండి, మొదటి బెంచీలో మనమే కూర్చుందాం అంది. ఆ పట్టుదల చూసి పాదిరీ గారు కూడా మెచ్చుకున్నారు. చాటింపుకి రాతపూర్వకంగా పేర్లు పంపాలి. వెల్డన్ చెబుతుంటే ఆ చీటీ హెస్టరే రాసింది.

మొదటి ఆదివారం క్లెమెన్సీని ఇంట్లో ఉంచారు. పెళ్ళికూతురు తన చాటింపు తను వింటే పుట్టే బిడ్డలు మూగా చెవిటీ అవుతారని ఆ పల్లెల్లో గట్టి నమ్మకం. అత్తగారు అలాంటివి నమ్మనంటూనే, “ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లోనే ఉండనీ” అంది. హెస్టర్ కూడా తన చాటింపుకి ఇంట్లోనే ఉండిపోయింది. కాబట్టి దగ్గరి మనిషి పేరు పెట్టి ఆ మాటలు చదవడం చెవిపెట్టి వినడం ఆమెకు అదే మొదలు. పాదిరీ గారు రెండు పేర్లూ చదివారు. ఈ ఇద్దరూ ఒకటి కాగూడని కారణం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇది మొదటిసారి అడగడం అన్నారు. అంటూనే, ఊపిరి కూడా తీసుకోకుండా, చర్చి పైకప్పు బాగుచేతకు వేసే చందా సంగతి ఎత్తుకున్నారు.

హెస్టర్ చేతిలో ప్రార్థన పుస్తకం అలాగే ఉండిపోయింది. అయితే అడిగారన్నమాట. తన గురించి కూడా అడిగారు. ఒకసారి కాదు, మూడుసార్లు, దేవుడి ఇంట్లో, ఊరంతా వింటుండగా అడిగారు. ఎవరి బతుకు గురించి అడుగుతున్నారో ఆ పిల్ల ఒక్కతే ఇంట్లో కూర్చుని అంచులు కుట్టుకుంటూ ఉంది. అమ్మ ఆ బెంచీలోనే ఉండి ఉంటుంది. చేతి తొడుగుల గుండీలు పెట్టుకుంటూనో, మధ్యాహ్నం వంట గురించి ఆలోచిస్తూనో వినేసి ఉంటుంది. దేవుడి పేరు మీద అడిగే ప్రశ్నకి జవాబు ఎవరికీ అక్కర్లేకపోతే, ఆ అడగడం దేవుడికి చెందుతుందా? ఆమె భక్తురాలే. తన చాటింపు మూడు వారాలూ తప్ప చిన్నప్పట్నుంచీ ఒక్క ఆదివారం మానలేదు. అందుకే ఆ ఆలోచన వచ్చినందుకు భయపడింది. భయపడినా ఆలోచన పోలేదు.

ఆ వారమంతా అత్తగారు ఆమె వెంటపడింది. “చూడమ్మాయ్, ఆ పిల్ల మొహం చూస్తే ఉరికంబం ఎక్కేదానిలా ఉంది. నువ్వు కూర్చోబెట్టి చెప్పు. నీ కథ నీ నోటితో చెప్పు. నువ్వు చెబితేనే నమ్ముతుంది” అంది. వెల్డన్‌తో హెస్టర్ ఒకసారి నోరు విప్పింది. కొన్ని నెలలు ఆగితే ఊరు మరిచిపోతుందేమో, పిల్లకి ఇష్టం లేదు, అంది. అతను రొట్టెకి వెన్న రాసుకుంటూ చాలా మెత్తగా చెప్పాడు. నా ఇంట్లో నా మాట కాదంటే ఆమె ఎక్కడికి వెళ్తుందో ఆలోచించుకో, నీకు ఆమెతో వెళ్ళాలనిపిస్తే నేను పట్టుకుని ఆపను, పిల్లలు మాత్రం ఎక్కడికీ రారు అన్నాడు. తర్వాత వెన్న బావుందని మెచ్చుకున్నాడు. చట్టం అతను చెప్పినట్టే ఉందని హెస్టర్‌కి తెలుసు. ఆ పేజీ ఆమే చదివి వినిపించింది.

రెండో ఆదివారం కూడా గడిచిపోయింది. బుధవారం మధ్యాహ్నం అక్కచెల్లెళ్ళు పెళ్ళి బట్టలు కుడుతున్నారు. క్లెమెన్సీ తల ఎత్తకుండానే అడిగింది. “అక్కా, బావగారి కథ కాదు. ఆ రోజు నిజంగా ఏం జరిగింది?”

హెస్టర్ చెప్పింది. మాంసపు రొట్టె గురించి, కుక్క చెవి గురించి, గురక గురించి. క్లెమెన్సీ నవ్వింది. పడీ పడీ నవ్వి, సూది కింద పడేసుకుని, వెతుకుతూ వెతుకుతూ ఏడ్చేసింది.

“మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?”

“ఎవరూ అడగలేదు.”

“సుఖంగానే ఉన్నావా?”

హెస్టర్ దారం తెంపింది. ఈ ప్రశ్నకి ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది. పిల్లలు, ఇల్లు, గౌరవం, చెయ్యెత్తని మొగుడు, దేవుడి దయ. అవన్నీ నిజమే. కాని ఆ జవాబు చెప్పిన మరుక్షణం ఈ పిల్ల బతుకు నిర్ణయమైపోతుంది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి పిల్లకి ఇలాంటి అక్కో వదినో ఒకామె ఉంటుంది, తన కాపురాన్ని సాక్ష్యంగా చూపించి మెడ వంచమని చెప్పడానికి. ఇన్నాళ్ళూ టీ పోస్తూ తల వంచుకున్నప్పుడల్లా తను చేస్తున్నది ఆ పనే. మిస్ టిబిట్ నిట్టూర్చింది తనని చూసే. స్పెన్స్‌లీ నవ్వుతూ రాగలిగింది కూడా, వెల్డన్ దంపతుల్ని చూడండి అని ఊరు అనగలుగుతోంది కనకే.

“నాకు తెలీదే” అంది చివరికి. “నన్నెవరూ తెలుసుకోనివ్వలేదు.”

క్లెమెన్సీ దొరికిన సూదిని గుడ్డకి గుచ్చింది. “నువ్వు చేసుకోమంటే చేసుకుంటాను. వద్దని నేనొక్కదాన్నే అనలేను. అనాలనే వెళ్తాను. అక్కడికి వెళ్ళాక అనలేను. నాకు తెలుసు” అంది.

హెస్టర్‌కి కూడా తెలుసు.

ఆ మధ్య ఒక శీతాకాలంలో మిల్లువాడొకడు తన మైనరు కూతురి చాటింపుని చర్చిలో లేచి నిలబడి కాదన్నాడు. ఏం చెయ్యాలో తోచక పాదిరీ గారు వెల్డన్‌కి రాశారు. పుస్తకంలో ఆ చోటు వెతికి తీసింది హెస్టర్. ఇరవై ఒకటి నిండని పిల్ల విషయంలో తల్లిదండ్రులు గాని, సంరక్షకులు గాని, వారిలో ఏ ఒక్కరు గాని చాటింపు వేళ అందరి ముందూ సమ్మతి లేదంటే ఆ చాటింపు చెల్లదు. ఆ జవాబు ఆమే రాసింది, వెల్డన్ సంతకం పెట్టాడు. ఇక నాన్న వీలునామాలో క్లెమెన్సీకి సంరక్షకులుగా రెండు పేర్లున్నాయి, ఆంబ్రోస్ వెల్డన్, అతని భార్య హెస్టర్. ఆ రెండో పేరు ముసలాయన మర్యాదకి రాశాడని వెల్డన్ అప్పట్లో నవ్వాడు. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు. అనుమతిపత్రం తెచ్చుకుని ఉంటే ఎక్కడో గదిలో అతని సంతకంతో పని అయిపోయేది. చాటింపే కావాలన్నారు. ఊరంతా వినాలన్నారు.

గురువారం, శుక్రవారం, శనివారం ఆమె ఏ పనీ ఆపలేదు. తైలం రాసింది. చొక్కాకి కాలరు కుట్టింది. పిల్లలకి పాఠం చెబుతూ చెబుతూ, తొమ్మిదేళ్ళ జూడిత్ జడ విప్పి మళ్ళీ అల్లింది. రేపు ఈ పిల్లని తన దగ్గర్నుంచి తీసేస్తే? అలా చేసే మనిషి కాడని మనసంటే, చెయ్యగల మనిషని చట్టం అంటోంది. మరో తొమ్మిదేళ్ళకి ఏదో ఒక వానలో, ఏదో ఒక బండి చక్రం ఊడితే, ఇదే జూడిత్‌ని ఇంట్లో ఉంచి ఆ బెంచీలో తనే తొడుగుల గుండీలు పెట్టుకుంటూ కూర్చుంటుంది. రెండు భయాల్లో ఏది పెద్దదో ఆమెకు తేలలేదు. ఏ భయాన్ని ఎదుర్కొంటే తను మళ్ళీ తల ఎత్తుకోగలదో అది మాత్రం తేలింది.

మూడో ఆదివారం కూడా క్లెమెన్సీ ఇంట్లోనే ఉండగా పాదిరీ గారు పేర్లు చదివారు. ప్రశ్న చదివారు. ఇది మూడోసారి అడగడం అని, పేజీ తిప్పబోయారు.

హెస్టర్ లేచి నిలబడింది. మోకాలు బెంచీకి తగిలి చప్పుడైంది. ముందు ఆ చప్పుడుకే తలలు తిరిగాయి.

“నాకు సమ్మతం లేదండీ” అంది. “క్లెమెన్సీకి నేను సంరక్షకురాలిని. మా నాన్న వీలునామాలో ఉంది. ఆ పిల్ల మైనరు. ఈ పెళ్ళికి నేను ఒప్పుకోవడం లేదు.”

వెల్డన్ ఆమె శాలువా అంచు పట్టుకుని కిందికి లాగాడు. “కూర్చో. అందరూ చూస్తున్నారు” అన్నాడు నవ్వుమొహంతోనే. ఆమె కూర్చోలేదు. పాదిరీ గారు వెల్డన్ వైపు చూశారు. ఏదో ఒకటి చెప్పి సర్దెయ్యమన్న చూపు అది. కాని మిల్లువాడి సంగతిలో వెల్డన్ సంతకంతో వచ్చిన ఉత్తరం ఆయన దగ్గరే ఉంది. ఇంతమంది ముందు పేదవాడికో చట్టం, తనకో చట్టం అని మేజిస్ట్రేటు ఎలా అంటాడు? పాదిరీ గారు గొంతు సవరించుకుని, అయితే ఈ చాటింపు చెల్లదని అనవలసి వస్తోంది, అన్నారు. వెనక బెంచీల్లో స్పెన్స్‌లీ మొదటిసారి నవ్వడం మానేశాడు. తర్వాత కీర్తన పాడారు. హెస్టర్ కూడా పాడింది.

బయటికి వచ్చాక ఎవరూ ఆమెను పలకరించలేదు. మిస్ టిబిట్ పక్కకి తప్పుకుంది. వెల్డన్ బండి ఎక్కలేదు. పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, తల్లి వైపు చూడనివ్వకుండా, పొలాలకడ్డంగా నడిచి వెళ్ళిపోయాడు. రేపట్నుంచి ఏం జరుగుతుందో ఆ నడకలోనే ఉంది. బండిలో అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు.

ముసలావిడ చర్చి మలుపు దాటేదాకా ఆగింది. ఆ తర్వాత మొదలుపెట్టింది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టావంది. నా కొడుకు తలెత్తుకు తిరిగే ఊళ్ళో తల తీసేశావంది. ఆ పిల్లని ఇంక ఏ గుమ్మమైనా ఎక్కనిస్తుందా, బడిపంతులమ్మగా ఎవరెవరి పిల్లల ముక్కులు తుడుచుకుంటూ బతకాలి, నువ్వూ ఇంక ఏ ఇంటికి వెళ్ళి టీ తాగుతావో చూస్తానంది. హెస్టర్ వింటూ కూర్చుంది. అందులో జరగదని చెప్పదగ్గ మాట ఒక్కటీ లేదు. బండి గతుకుల్లో ఊగుతుంటే ఆవిడ మోకాళ్ళు నొప్పెట్టకుండా అలవాటుగా దిండు సర్దబోయింది. ఆవిడ ఆ చెయ్యి తోసేసింది.

“మేమంతా చేసుకోలేదా? నీకొక్కదానికే వచ్చిందా కష్టం? నాకు పదిహేడేళ్ళు. ఆయనకి నలభై ఆరు. మూడు వారాలు ఏడ్చాను. నా చాటింపుకి ఎవరు లేచారు?”

తిట్టులాగే మొదలైన మాట. తిట్టు అయితే దాని వెనక ఇంకోటి రావాలి, రాలేదు. ముసలావిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కోడలి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. పదకొండేళ్ళలో ఆవిడ హెస్టర్‌ని ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగడం అదే మొదలు.